ప్రతి నాలుగో ఇల్లు

టైటస్ సారు నోట్సు చెప్పేటప్పుడు మధ్యమధ్యలో గొంతులోంచి కఫం పైకి తెచ్చుకుని, లేచి ఉమ్మడానికి బద్ధకించి మళ్లీ మింగేవాడు. ఎం.కాం. పిల్లలు ముప్పైమందీ తలలొంచుకుని రాసుకుంటూ పోతుంటే, మూడో బెంచీలో ఉషారాణి మాత్రం ప్రతిసారీ పెన్ను ఆపి మొహం పక్కకు తిప్పుకునేది. "స్థానిక పన్ను అనగా, కామా, స్థానిక సంస్థ తన పరిధిలోని ప్రజల నుండి, కామా..." ఆయన కామాలు కూడా వదిలేవాడు కాదు. ఇరవై ఏళ్ల నాటి నోట్సు కాగితాలు పసుపుపచ్చబడి, అంచులు అప్పడాల్లా విరుగుతున్నా అవే చదివేవాడు. ఇంటి పన్ను మొదలుకొని, సంతలో గంప దించిన మనిషి దగ్గర వసూలు చేసే ఆశీలు దాకా అన్నిటికీ ఆయన దగ్గర నిర్వచనం ఉంది. ఆ గంప దించిన మనిషి గురించి ఆయన చెప్పిందీ లేదు, వీళ్లు అడిగిందీ లేదు.

ఉషారాణికి అసహ్యం తొందరగా పుడుతుంది. కొందరికి ముక్కు మీద కోపం ఉంటుంది చూడండి, ఈమెకు అసహ్యం ఉంటుంది. హాస్టలు సాంబారంటే అసహ్యం, బస్సులో పక్కవాళ్ల చెమటంటే అసహ్యం, పరీక్షల ముందు జిరాక్సు షాపు దగ్గర మూగే తోటి పిల్లలంటే మరీ అసహ్యం. సంగం ఊళ్లో రెండెకరాల మాగాణి చేసుకునే హజరత్తయ్య కూతురికి ఇంత నాజూకు ఎక్కడి నుంచి వచ్చిందని వాళ్లమ్మే ఎగతాళి చేసేది. కానీ చదువులో దిట్ట. అకౌంటెంటు పరీక్షలు ఒక్కొక్కటే గట్టెక్కి, ఇక స్థానిక పన్నుల పేపరు దగ్గరికి వచ్చింది. యూనివర్సిటీలో ఆ పేపరుకు అరవై మార్కులు దాటితే అకౌంటెంటు పరీక్షల్లో దాన్ని మళ్లీ రాయనక్కర్లేదు. నెల్లూరులో ఒక ఆడిటరు గారు, అరవై దాటిన మార్కుల కాగితం తెచ్చి చూపిస్తే జూన్‌లో ఉద్యోగంలో చేర్చుకుంటానన్నారు. దాటకపోతే ఆ కుర్చీ ఇంకొకరిది. నూటిలో నలభై మార్కులు ఫీల్డు పనికే పోతాయి కాబట్టి, అవి లేకుండా రాతపరీక్షలో ఎంత విరగదీసినా అరవై దాటడం కుదరదు.

ఆ ఫీల్డు పని సంగతి చెప్పాలి. కిందటేడు జనవరిలో ఒక్కొక్కరికి ఒక్కో పల్లె ఇచ్చి, నలభై ఇళ్లు టేపు పెట్టి కొలిచి రమ్మన్నారు. పొడవు, వెడల్పు, పైకప్పు రాసి, దాన్నిబట్టి పన్ను కట్టాలి. ఉషారాణికి బోగోలు మండలంలో సముద్రం ఒడ్డున ఉన్న దొరువుపాళెం పడింది. ఆటో దిగీ దిగగానే ఎండేసిన నెత్తళ్ల చేపల వాసన మొహాన కొట్టింది. చున్నీ ముక్కుకు అడ్డం కట్టుకుని ఎలాగో ఆరిళ్లు కొలిచింది. అందులో రెండు శ్లాబు ఇళ్లు. ఏడో ఇంటికి పోతుంటే చేపలు కడిగిన నీళ్ల గుంటలో కాలు పడింది. చెప్పు విప్పితే వేళ్ల సందుల్లో పొలుసులు! ఇంకొక్క అడుగు వేస్తే ఒట్టు అనుకుంది. సరుగుడు తోట పక్కన సోడా కొట్టు ఉంటే బల్ల మీద కూర్చుని, నిమ్మకాయ సోడా తాగుతూ మిగతా ముప్పై నాలుగిళ్లూ అక్కడే కట్టేసింది.

సీనియర్లు ఈ పనికి పేరు కూడా పెట్టారు. చెట్టు కింద సర్వే అంటారు. అందరూ చేసేదే. నమూనాలో అన్ని రకాల ఇళ్లూ ఉండాలని, నలభైలో పది శ్లాబులైనా లేకపోతే పట్టిక అందంగా రాదని టైటస్ సారు ముందే చెప్పాడు. రెండు నిజంగానే దొరికాయి గనక, ఇంకో ఎనిమిది కావాలి. ఆమెకు ఇచ్చినవి పదకొండు నుంచి యాభై దాకా నంబర్లు. కొలిచిన ఆరూ పోగా, ఉషారాణి పదిహేడో నంబరు నుంచి యాభై దాకా వేళ్ల మీద లెక్కపెట్టుకుంటూ ప్రతి నాలుగో ఇంటికీ శ్లాబు వేసింది. మిగతావాటికి కాసిని పెంకులు, కాసిని రేకులు పంచింది. నలభైకి ముప్పై ఎనిమిది మార్కులు వచ్చాయి. పట్టిక ఎలా ఉండాలో చూసి నేర్చుకోండని సారు ఆ పుస్తకం క్లాసంతా తిప్పాడు.

ఈ ఏడు ఫిబ్రవరిలో ఆఖరి పని ఇచ్చారు. పన్ను వేసింది తప్పని ఎవరైనా పెట్టుకున్న అర్జీ ఒకటి తీసుకుని, దాని మీద తీర్పు రాయాలి. డివిజను ఆఫీసు నుంచి తెచ్చిన అర్జీలను టైటస్ సారు పేకముక్కల్లా పంచాడు. ఉషారాణి చేతికి వచ్చిన కాగితం మీద ఎవరో పెద్ద పెద్ద అక్షరాలతో రాసిపెట్టారు. "అయ్యా, దొరువుపాళెం మూడు బై నలభై ఎనిమిది చెంచమ్మ రాయించుకునే అర్జీ. నాది తాటాకిల్లు. మేడని రాసినారు. మొన్న తుఫానుకి కప్పు ఎగిరిపొయ్యింది. గవర్నమెంటు ఇల్లు ఇమ్మంటే నీకు మేడ ఉండాది, నీకియ్యం అంటా ఉండారు. ఒకసారి వచ్చి చూడండయ్యా." కింద వేలిముద్ర ఉంది.

నలభై ఎనిమిదిని నాలుగుతో భాగించి చూడాల్సిన పని లేకపోయింది. సోడా కొట్టు దగ్గర ఉషారాణి శ్లాబు వేసిన నంబరే అది. ఏదో పొరపాటు జరిగి ఉంటుంది, విద్యార్థులు మార్కుల కోసం రాసిన పుస్తకానికీ పంచాయతీ పన్నుకూ సంబంధమేమిటని తనకు తానే సర్దిచెప్పుకుంది. మర్నాడు కావలి బస్సెక్కి బోగోలు దగ్గర దిగి, ఆటో పట్టుకుని దొరువుపాళెం పంచాయతీ ఆఫీసుకు పోయింది.

సెక్రటరీ మధుబాబు నలభై ఏళ్లవాడు. యూనివర్సిటీ నుంచి వచ్చానంటే లేచి కుర్చీ తుడిచి వేశాడు.

"మీవోళ్ల పుణ్యమేనమ్మా మా ఊళ్లో కొత్త పన్ను. మార్చి లోపల ఇళ్లన్నీ మళ్లీ కొలిచి ఎక్కించాలని పైనుంచి ఒకటే ఫోన్లు. నాకు నాలుగు పల్లెలు, ఒంటిమనిషిని. యాడ కొలిచేది? ఇంతలో మీ డిపార్టుమెంటు నుంచి సర్వే పుస్తకం దేవుడు పంపించినట్టు వచ్చినాది. యూనివర్సిటీ సీలు గూడా ఉండె. రెండు రోజులు కూర్చోని మొత్తం ఎక్కించేసినా," అంటూ బీరువాలోంచి పుస్తకం తీసి బల్ల మీద పెట్టాడు.

తన చేతిరాతే. ఎర్రసిరాతో గీసిన పట్టిక, కింద తన సంతకం. ఊరికి వచ్చీ ఇళ్లు చూడకుండా రాసిన అమ్మాయి ఒకతె, ఆ పుస్తకంలోని ఇళ్లు చూడకుండా మార్కులేసిన మాస్టారొకడు, గుమ్మం బయటే ఉన్న ఊరిని చూడకుండా ఎక్కించిన ఆఫీసరొకడు. తిలా పాపం తలా పిడికెడు.

"ఈ ఉషారాణి మీ క్లాసేనామ్మా? ముత్యాల్లాంటి రాత."

"కాదు సార్. నాకు తెలీదు," అనేసింది. ఆ మాట ఎంత తేలిగ్గా వచ్చిందో చూసి తనకే రోత పుట్టింది.

"మరి ఈ అర్జీ సార్? ఆ ఇంటికి పోయి చూసి మార్చకూడదా?" అని మాట మార్చింది.

"నా అంతట నేను మారిస్తే, డబ్బులు తిని మార్చినాడంటారమ్మా. సర్వే చేసినోళ్లు తప్పని రాసియ్యాల. మీ యూనివర్సిటీ సంతకంతో తెండి, అరగంటలో మార్చేస్తా. ఇళ్ల లిస్టు మాత్రం ఈ నెలాఖరుకి మూసేస్తారు. మళ్లీ ఎప్పుడో ఎవురికి తెలుసు?"

చెంచమ్మ ఇల్లు చూపించమంటే వీధి చివరకు చెయ్యి చూపించాడు. ఇల్లనేది మూడు మట్టిగోడలు, నాలుగోవైపు పాత వల కట్టి దాని మీద చీర పరిచారు. పైన నీలం పట్టా, పట్టా ఎగిరిపోకుండా నాలుగు బండరాళ్లు. అరవై ఏళ్ల ముసలామె వాకిట్లో నెత్తళ్లు తిరగేస్తోంది. మనిషిని చూడగానే చేతులు చీరకు తుడుచుకుని లేచింది.

"కొలిచే దానికేనా అమ్మా వచ్చినావు? నిజంగా కొలవనొచ్చినావా?"

ఉషారాణి తలూపింది. చెంచమ్మ మొహం వెలిగిపోయింది. వల కొలిచేవాళ్లలా రెండు చేతులూ బార చాచి గోడ వెంబడే నడుస్తూ, "ఇదో, పొడుగు మూడు బారలు. ఎడల్పు రెండు బారలకి జానెడు తక్కువ. నీ టేపుతో గూడా చూసుకో. తేడా వొస్తే నన్నడుగు," అంది.

టేపు పెడితే తేడా రాలేదు. ఆ ఇంట్లో మేడ అనదగ్గది ఏదైనా ఉంటే, అది మంచం కింద పెట్టుకున్న నాలుగు ఇటుకలే.

"పోయినేడు వచ్చిన పిల్ల ఈ గుమ్మం తొక్కలేదమ్మా. సోడా కొట్టుకాడ కూర్చోని, ముక్కుకి గుడ్డ కట్టుకోని, ఏందో రాసుకోని పొయ్యింది. ఉషారాణంట. సెక్రటరీ చెప్పినాడు పేరు. చదువుకునిందంట!" చెంచమ్మ పక్కకు తిరిగి తుపుక్కున ఉమ్మింది. "నా కప్పు పీకింది గాలి గాదు, ఆ పిల్ల. నీ పేరేంది తల్లీ?"

"బిందు," అంది ఉషారాణి. అది హాస్టల్లో తన పక్క మంచం పిల్ల పేరు. ఆమె పేరు ఎందుకు నోటికొచ్చిందో తెలియదు. గుమ్మడికాయల దొంగ భుజాలు తడుముకోవడం విన్నదే గాని, దొంగే దొరలా వచ్చి గుమ్మడికాయలు లెక్కపెట్టడం ఎక్కడైనా ఉందా? తిరుగు బస్సులో కిటికీ పక్కన కూర్చుని, అంతదూరం తనను తాను తిట్టుకుంటూనే వచ్చింది.

టైటస్ సారు డిపార్టుమెంటు గదిలో పెరుగన్నం తింటున్నాడు. వేళ్లు ఒక్కొక్కటే నాకుతూ విషయం అంతా విన్నాడు. ఆశ్చర్యపోలేదు.

"అర్జీ ఎప్పుడు పెట్టింది?"

"నోటీసు వచ్చిన ఐదు నెలలకు సార్. తుఫాను వచ్చాకే ఆమెకు సంగతి తెలిసింది."

"ముప్పై రోజుల్లోపల పెట్టాలి. గడువు దాటిన అర్జీ విచారణకు అర్హం కాదు, ఫుల్‌స్టాప్. అదే నీ తీర్పు. మార్కులు ఎక్కడికీ పోవు."

"ఇల్లు చూసొచ్చాను సార్. మేడ కాదు."

"ఇల్లు చూడమని సిలబస్‌లో లేదమ్మా. అర్జీ చూడమని ఉంది," అన్నాడాయన చిటికెనవేలు నోట్లోంచి తీసి.

ఆ నాకిన చేత్తో తనకు ముప్పై ఎనిమిది మార్కులు వేశాడన్న మాట గుర్తొచ్చి ఉషారాణికి అసహ్యం ముంచుకొచ్చింది. అయినా కదల్లేదు. అక్కడే నిలబడింది. ఆఖరికి ఆయనే దిగొచ్చాడు.

"సరే, ఒక్క ఇంటికి చేతిపొరపాటని రాసుకురా, సంతకం పెడతాను. ఒక్కటంటే ఒక్కటే. ముప్పై నాలుగూ చూడలేదని రాశావనుకో, నీ ఫీల్డు మార్కులు సున్నా చెయ్యాల్సిందే. తర్వాత నన్నని లాభం లేదు."

ఉషారాణి ఒప్పుకుంది. ఇక్కడ ఆమెను వెనకేసుకొచ్చేదేమీ లేదు. మిగతా ఏడిళ్ల సంగతి ఆమెకు తట్టలేదనుకోవద్దు. వేళ్ల మీద లెక్కపెట్టిందే కదా, ఇరవై, ఇరవై నాలుగు, ఇరవై ఎనిమిది అని నంబర్లు కూడా వరసగా గుర్తే. వాళ్లెవరూ అర్జీ పెట్టలేదుగా, పెట్టినప్పుడు చూసుకోవచ్చులే అనుకుంది. "సర్వే చేసిన విద్యార్థి చేతిపొరపాటు వలన" అని రాసి, ఎవరా విద్యార్థి అన్నది మాత్రం రాయలేదు.

నాలుగోరోజున ఆ కాగితం చూసి మధుబాబు అన్నమాట ప్రకారం అరగంటలోనే మార్చేశాడు. మేడ పోయి తాటాకిల్లు వచ్చింది. చెంచమ్మ పేరు ఇళ్ల లిస్టులోకి ఎక్కింది. ముసలామె ఆఫీసు వరండాలోనే ఉషారాణి రెండు చేతులూ పట్టుకుని కళ్లకద్దుకుంది. తినకుండా పోతే ఊరుకోనని ఇంటికి లాక్కుపోయి, చాప వేసి, నెత్తళ్ల పులుసుతో అన్నం పెట్టింది.

అదే వాసన. ఉషారాణి ఊపిరి బిగబట్టి ముద్ద మింగింది. రెండో ముద్దకు వాసన సంగతి మరిచిపోయింది. పులుసు బాగుంది. మామిడికాయ వేసి పుల్లగా, కారంగా చేసింది. ఎదురుగా కూర్చుని చెంచమ్మ విసనకర్ర ఊపుతూ, "తిను తల్లీ, నీ కడుపు చల్లగుండ. ఆ ముండ మా నోట్లో మన్ను కొడితే నువ్వొచ్చి కూడు పెట్టినావు," అంటూ ఉంటే, పులుసులో ముంచిన చెయ్యి పైకి లేవడం కష్టమైంది. ఒకే మనిషిని ఒకే నోటితో తిట్టి, దీవిస్తోంది. తిట్టు ఒంటికి పట్టినా బాగుండేది, దీవెనే భరించలేనట్టుగా ఉంది.

ఇంతలో గుమ్మం దగ్గర నీడలు పడ్డాయి. ఏడుగురు ఆడవాళ్లు. ఒకామె చంకలో బిడ్డ ఉంది, ఒకామె నెత్తి మీద ఖాళీ గంప ఇంకా దించలేదు. అందరి చేతుల్లోనూ పన్ను నోటీసులున్నాయి, మడతలుపడి, కొన్ని చేపనూనె మరకలతో.

"నేనే రమ్మన్నా తల్లీ," అంది చెంచమ్మ గర్వంగా. "వీళ్లక్కూడా అట్టనే మేడలు కట్టించి పొయ్యింది ఆ ఉషారాణి. నువ్వొక్కసారి వచ్చి కొలిచి, నాకు తెచ్చిచ్చినట్టే వీళ్లకీ కాగితాలు తెచ్చియ్యి. ఈ రాఘవమ్మ మొగుడు పోయినేడు సముద్రం ఏటలో పొయ్యినాడు. దానికి ఇల్లు రాకపోతే పిల్లల్ని ఏసుకోని యాడికి పోతాది?"

గంప నెత్తిన ఉన్నామే రాఘవమ్మ. తన నోటీసు ముందుకు చాపింది. మూడు బై నలభై. పక్కామె నలభై నాలుగు. ఆ వెనక ముప్పై ఆరు. ఒకరి పక్కన ఒకరు నిలబడితే సోడా కొట్టు బల్ల మీద తాను వేళ్లు మడిచిన వరసే కనిపించింది. ఇంకో ఏడు చేతిపొరపాట్లంటే టైటస్ సారు సంతకం పెట్టడు. పెట్టకపోతే నెలాఖరుకు లిస్టు మూసేస్తారు. అంతా చూడలేదని రాస్తే అరవై ఉండదు, జూన్ ఉండదు. మింగలేక కక్కలేక నోట్లో ముద్ద అలాగే ఉండిపోయింది.

ముద్ద మింగింది.

"అవ్వా, నా పేరు బిందు కాదు."

విసనకర్ర ఆగింది.

"ఉషారాణిని. ఆ పుస్తకం రాసింది నేనే. మీ ఇళ్లు నేను చూడలేదు. వాసనని రాలేదు."

చెంచమ్మ ఆమె వంకే చూసింది, ముక్కు వంక, పులుసు అంటిన వేళ్ల వంక. తర్వాత వంగి ఆమె ముందున్న కంచం తీసేసింది. అందులో సగం అన్నం ఇంకా ఉంది. వాకిట్లో కుక్క ముందు దాన్ని బోర్లించి వచ్చి, చెంబుతో నీళ్లు ఇంత దూరంలో పెట్టింది.

"చెయ్యి కడుక్కో."

ఉషారాణి కడుక్కుంది. ఏడుపు వస్తోంది గాని, ఇక్కడ ఏడవడం కూడా అసహ్యంగా ఉంటుందనిపించి ఆపుకుంది. "ముప్పై నాలుగిళ్లూ నేను చూడలేదని ఇప్పుడే కాగితం రాసిస్తా అవ్వా. సంతకం పెట్టి ఇస్తా. మధుబాబు సారు మార్చేస్తారు," అంది సంచిలో పెన్ను వెతుక్కుంటూ.

"సంతకమా?" అంది చెంచమ్మ. "ఆ పుస్తకంలో గూడా పెట్టినావు గదా."

ఉషారాణి చేతిలో పెన్ను ఉంది. దాన్ని ఎక్కడ పెట్టాలో తెలియలేదు.

"లెయ్. ఆయన ముందర, మా అందరి ముందర నోటితో చెప్పాల. నువ్వు ముందు నడువు."

మిట్టమధ్యాహ్నం ఎండలో ఎనిమిది మంది ఆడవాళ్లు వెనక వస్తుంటే ఉషారాణి ఆఫీసుకు నడిచింది. దారిపొడుగునా నెత్తళ్లు ఎండుతున్నాయి. చున్నీ భుజం మీదే ఉంది, ముక్కుకు అడ్డం పెట్టుకోవడానికి చెయ్యి లేవలేదు. మధుబాబు భోజనం డబ్బా మూత తీస్తున్నవాడు, గుంపును చూసి మళ్లీ పెట్టేశాడు. ఉషారాణి చెప్పింది. నంబర్లతో సహా, పదిహేడు నుంచి యాభై దాకా, శ్లాబులు ఎలా పంచిందో కూడా చెప్పింది. మధుబాబు మొహంలో ముందు కోపం, తర్వాత తన ఉద్యోగం మీద భయం, ఆ తర్వాత ఏదో జాలిలాంటిది వచ్చాయి. ఈ ఫీల్డు మార్కుల సంగతి ఆయనకూ తెలుసు. ఆయనా ఒకప్పుడు ఆ బెంచీల్లోనే చదివాడు.

"ఆలోచించుకోమ్మా," అన్నాడు గొంతు తగ్గించి. "ఇది నేను వాఙ్మూలంగా రాసుకోని పైకి పంపిస్తే, నీ మార్కులు పోతాయి. పరీక్ష గూడా పోవచ్చు. ఇంకో మాట ఏదైనా..."

ఉషారాణి నోరు తెరిచేలోపల చెంచమ్మ అందుకుంది.

"దాని మార్కుల సంగతి అది చూసుకుంటాది. నువ్వు రాయి."